ఒదిలియా పేరు మీద కోసిన ద్రాక్ష

ఒదిలియా ఒకే సమయంలో రెండు చోట్ల ఉండగలదని మేస్త్రీ బెనిగ్నో అంటుండేవాడు. పునీతుల కథల్లో అలాంటివాళ్ళు ఉన్నారు కదా, ఇక్కడ మఠంలో మోకరిల్లి ఉంటూనే అదే ఘడియలో సముద్రం అవతల రోగి మంచం పక్కన కనిపిస్తారు. ఆగస్టు నెలాఖరున పొద్దున పది గంటలకి ఒదిలియా మా కాలేజీలో లెక్కల క్లాసులో కూర్చుని ఉండేది. అదే పది గంటలకి పదహారు మైళ్ళ అవతల ద్రాక్షతోటలో ఆమె పేరు మీద కోత సాగుతూ ఉండేది. సాయంత్రం బెనిగ్నో తన పుస్తకంలో ఒదిలియా బౌతిస్తా, నాలుగు వందల ఎనభై కాగితాలు అని రాసుకుంటూ, "ఈ పిల్ల పేరిట ఎప్పటికైనా ఒక చర్చి కట్టించాలయ్యా" అనేవాడు. వరసల్లో ఉన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు. ఎలాదియో అందరికంటే గట్టిగా నవ్వేవాడు.

ఆ నాలుగు వందల ఎనభై కాగితాలూ కోసింది ఎలాదియో, అతని భార్య ఫ్లోరెన్సియా. ఎలాదియో ఒదిలియాకి మేనమామ.

మా కాలిఫోర్నియా లోయలో ఎండుద్రాక్ష కోత ఎప్పుడూ ఇంటిల్లిపాదీ చేసే పని. తీగల వరసల మధ్య నేల చదును చేసి కాగితాలు పరుస్తారు. గుత్తులు కోసి వాటి మీద పేర్చి ఎండకి వదిలేస్తారు. కాగితానికింత అని కూలీ. ఒకరు కోస్తారు, ఒకరు పరుస్తారు, పిల్లలుంటే నీళ్ళందిస్తారు. వరస ఒకటి, లెక్క ఒకటి, చెక్కు ఒకటి. ఇంట్లో ఎవరి పని కార్డు నికార్సయినదైతే వాళ్ళ పేరు మీద ఆ చెక్కు వస్తుంది. ఇందులో దాచాల్సింది ఉందని మాలో ఎవరూ అనుకోరు. నేను ఈ దేశం వచ్చిన కొత్తలో మా అన్నదమ్ములం నలుగురం మా పెద్దన్న పేరు మీద ఏడు కోతలు కోశాం. ఏడేళ్ళ పాటు ఈ దేశపు కాగితాల్లో ఉన్నది ఆయనొక్కడే, మేం ముగ్గురం ఆయన చేతులం.

ఎలాదియో మెక్సికోలోని ఓహాకా కొండల్లోంచి వచ్చాడు. ఇంట్లో భార్యతో వాళ్ళ మిష్తెక్ భాష, మాతో స్పానిష్, ఇంగ్లీషు మాత్రం ట్రాక్టరు మీద రాసి ఉండే ముక్కలు. చెల్లెలు చనిపోయినప్పుడు ఆమె కూతురికి ఆరేళ్ళు. తండ్రి ఎవరో చెల్లెలు చెప్పలేదు, ఎలాదియో అడగలేదు. తనకి పిల్లలు లేరు. ఆ పిల్లని తెచ్చి పెంచుకున్నాడు, కోర్టుకీ గీర్టుకీ వెళ్ళలేదు. ఒదిలియా పదిహేనో ఏట చర్చిలో దృఢీకరణ సంస్కారం తీసుకున్నప్పుడు భుజం మీద చెయ్యి వేసి వెనక నిలబడ్డవాణ్ణి నేను. అప్పటినుంచి ఆమెకి నేను పద్రీనోని, అంటే జ్ఞానతండ్రిని, ఎలాదియోకి కొంపాద్రేని, అంటే తోటి తండ్రిని. మా వాళ్ళలో ఈ చుట్టరికం రక్తసంబంధం కంటే తక్కువేం కాదు. తండ్రి చెయ్యలేని పని చెయ్యడానికే పద్రీనో ఉండేది.

ఆమెకి ఇరవయ్యో ఏడు వచ్చేసరికి కాంట్రాక్టరు ఆఫీసులో అందరి కార్డు నంబర్లూ కంప్యూటర్లో సరిచూడటం మొదలుపెట్టారు. ఎలాదియో వాడుతున్న నంబరు ఎవరిదో ముసలాయనది. అది పనికిరాకుండా పోయింది. ఒదిలియా ఇక్కడే పుట్టింది కాబట్టి ఆమె కార్డుకి తిరుగులేదు. ఫ్లోరెన్సియా అక్క కొడుకు కూడా తన కార్డు ఇస్తానన్నాడు. ఇద్దరూ చెరో కార్డు మీద పనిచేస్తే సంపాదన సగం సగం అవుతుంది కదా అన్నాడు. ఎలాదియో ఒప్పుకోలేదు. మొత్తం ఒదిలియా పేరు మీదే పడాలన్నాడు. ద్రాక్ష కోత, చలికాలం తీగల కత్తిరింపు, ఆ తర్వాత నారింజలు, ఏడాది పొడవునా అన్నీ.

ఎందుకని నేనడిగితే అతను చెప్పింది నాకు బాగా గుర్తు.

"పెద్ద చదువుల వాళ్ళు కాగితాలు చూస్తారు కొంపాద్రే. ఏడాదికి ఇంత సంపాదించిన పిల్ల అంటే ఎంత పనిమంతురాలై ఉండాలి అనుకోరా? వట్టి చేతులతో పోతే గుమ్మంలోకైనా రానిస్తారా?"

నాకూ అది సబబుగానే తోచింది. మా దగ్గర ఎవరినైనా పనిలోకి తీసుకునే ముందు అడిగేది అదే, పోయిన కోతలో ఎన్ని కాగితాలు కోశావని. యూనివర్సిటీ మటుకు వేరేగా ఎందుకుంటుంది అనుకున్నాను. తల ఊపాను. ఆ తల ఊపడం నా మీద ఉంది.

నేను మా రెండేళ్ళ కాలేజీలో పనిముట్ల గది చూస్తాను. వెల్డింగ్ షాపు, లేత్ మిషన్లు, క్లాసు గదుల హీటర్లు అన్నీ నా చేతికిందివే. ఎవరి దగ్గరా నేర్చుకోలేదు, పాడైనవి విప్పుకుంటూ నేర్చుకున్నాను. అందుకని చెయ్యి చూస్తే మనిషి తెలుస్తాడని నా నమ్మకం. ఒదిలియా చెయ్యి మంచిది. మొదటి నెలలోనే బావి పంపు షాఫ్టు ఒకటి లేత్ మీద ఎక్కించి చెక్కి తీసింది. మిగతా పిల్లలు కొలత దగ్గరపడగానే తొందరపడతారు, ఒక తడవ ఎక్కువ కోసేస్తారు. ఆమె చివరి తడవ ముందు మిషను ఆపి, లోహం చల్లారేదాకా కూర్చుని, అప్పుడు కొలిచేది. వేడి మీద కొలిస్తే లోహం అబద్ధం చెబుతుందని నేనెవరికీ చెప్పకముందే ఆమెకి తెలుసు. ఎలా తెలుసని అడిగితే, వేడి మీద పొంగుతుంది కదా పద్రీనో, అత్త చేసే టోర్టిల్లా రొట్టెలు కూడా అంతే కదా అంది.

నీటి పంపులు తయారుచేసే ఇంజినీరింగు చదవాలని ఆమె కోరిక. మా కాలేజీలో రెండేళ్ళు పూర్తి చేస్తే యూనివర్సిటీలో తిన్నగా మూడో ఏడులో చేరొచ్చు. మార్కులకి లోటు లేదు. నవంబరు ముప్పై లోపల దరఖాస్తు పంపాలి. ఒక్కో యూనివర్సిటీకి డెబ్బై డాలర్ల ఫీజు. పేదపిల్లలకి నాలుగింటి దాకా ఆ ఫీజు మాఫీ చేస్తారు. మా కాలేజీ పిల్లల్లో చాలామంది అలాగే వెళ్తారు.

ఆ నవంబరులో ఒక రోజు ఒదిలియా దరఖాస్తు నింపడానికి మిసెస్ షియాంగ్ గదికి వచ్చింది. పిల్లల్ని యూనివర్సిటీలకి పంపే పని ఆవిడది. ఆవిడ తల్లిదండ్రులు లావోస్ కొండల నుంచి పారిపోయి వచ్చి మా లోయలోనే కూరగాయలు పండించారు, పొలం సంగతులు ఆవిడకి తెలియనివి కావు. బయట పొగమంచు కిటికీకి ఆనుకుని ఉంది. గది హీటరు పనిచెయ్యడం లేదని నన్ను పిలిచారు, అందుకని నేనూ అక్కడే ఉన్నాను. గోడ దగ్గర కూర్చుని హీటరు విప్పుతున్నాను.

ఇంట్లో ఎంతమంది అని కంప్యూటర్ అడిగింది. ముగ్గురం అంది ఒదిలియా. మేనమామ కోర్టు ద్వారా పెంచుకోలేదు కాబట్టి ఆ లెక్కలో నువ్వొక్కదానివే అని మిసెస్ షియాంగ్ చెప్పింది. ఒదిలియా ఒకటి అని కొట్టింది. ఈ ఏడాది సంపాదన ఎంత అని కంప్యూటర్ అడిగింది. ఒదిలియా సంచీలోంచి జీతం కాగితం తీసి చూసి, ఆ అంకె కొట్టింది. ఫీజు మాఫీ వర్తించదని వచ్చింది.

మిసెస్ షియాంగ్ సున్నా ఒకటి ఎక్కువ పడిందేమో చూడమంది. ఒదిలియా కాగితం ఆవిడ చేతికిచ్చింది. ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని చదివింది.

"నలభై రెండు వేలు. నువ్వు ఒక్క క్లాసు మానలేదు. వారానికి రెండుసార్లు నా గదికి వస్తావు. ఈ డబ్బు ఎప్పుడు సంపాదించావమ్మా?"

నా చేతిలో స్క్రూ ఒకటి జారి హీటరు లోపల పడింది. నేను వెతకలేదు.

మిసెస్ షియాంగ్ కాగితాన్ని మడతల మీదే మళ్ళీ మడిచి ఆమె ముందు పెట్టింది. ఇలాంటివాటికి ఒక దారుందని చెప్పింది. అసలు సంగతి వివరంగా ఉత్తరం రాసి ఇస్తే తాను సంతకం పెట్టి పంపుతుంది, వాళ్ళు మళ్ళీ పరిశీలిస్తారు. ఆ మాట చెబుతూనే గొంతు తగ్గించింది.

"కానీ ఒకటి. నువ్వు ఇస్తే నేను చదవాలి. చదివితే నాకు తెలిసినట్టే. తెలిసినదాన్ని ఫైల్లో పెట్టాలి. పెట్టాక తియ్యడం నా చేతుల్లో ఉండదు. ఇంటికెళ్ళి ఆలోచించుకో తల్లీ."

ఆ మధ్యాహ్నం ఒదిలియా పనిముట్ల గదికి వచ్చి, ఏ పనీ లేకపోయినా డ్రిల్లు బిట్లన్నీ సైజుల వారీగా సర్దడం మొదలుపెట్టింది. నేను జేబులోంచి పర్సు తీసి బల్ల మీద పెట్టాను. ఫీజు ఎంతో అంతా నేను కడతానన్నాను. ఆమె పర్సు వంక చూడలేదు.

"నాలుగు ఫీజులూ మీరు కట్టేస్తారు పద్రీనో. రేపు స్కాలర్‌షిప్ ఫారం కూడా ఇదే అంకె చదువుతుంది. అప్పుడు దేనికి కడతారు? ఏడాదికి ముప్పై వేలకి కడతారా?"

అది నాకు తట్టలేదు. ఆమెకి ఆ గదిలోనే, ఆ కంప్యూటర్ ముందే తట్టింది. ఫీజు మాఫీ అనేది చిన్న తలుపు. అది తెరుచుకోలేదంటే దాని వెనకున్నవేవీ తెరుచుకోవు.

తక్కువ అంకె వేస్తే ఏమవుతుందని అడిగాను. అడిగినందుకు సిగ్గేసింది. సీటు వచ్చాక జీతం కాగితాలు అడుగుతారట, తేడా వస్తే సీటు తీసేస్తారట. అదొక్కటే కాదు, కొలత తప్పుగా రాయడం ఆమె చేతికి రాదు. ఉత్తరం రాస్తేనో అన్నాను. రాస్తే మామ, అత్త పేర్లు రాయకపోయినా, ఆ కోత ఎవరు కోశారన్నది ఎవరైనా అడగొచ్చు. కాంట్రాక్టరు దగ్గరికి మనిషిని పంపొచ్చు. ఆ వరసల్లో ఒకరి పేరు మీద ఒకరు కోసేవాళ్ళు ఇంకా ముప్పై ఇళ్ళ వాళ్ళున్నారు.

"మామకి చెప్పేద్దాం. చెబితే దారి అతనే చూస్తాడు" అన్నాను.

"చూస్తాడు. రేపు పొద్దున్నే నా పేరు మీంచి దిగిపోతాడు. దిగి ఎక్కడికి పోతాడు? కార్డులడగని ఆ దక్షిణం మేస్త్రీల దగ్గరికి. నీడకి గుడ్డ కట్టరు, నీళ్ళ డబ్బా పెట్టరు. వాళ్ళ దగ్గర పనిచేసి వచ్చినవాళ్ళని మీరు చూడలేదా?" ఆమె బిట్లు సర్దడం ఆపింది. "నన్ను పంపడం కోసం పెంచిన అంకె అది. అదే నన్ను ఆపిందని ఆయనకి ఎవరు చెబుతారు? నేను చెప్పలేను. మీరూ చెప్పొద్దు. ఒట్టెయ్యండి."

వేశాను. చెయ్యకూడని పని అని ఇప్పుడు తెలుసు. అప్పుడు ఆమె మొహం చూసి వేశాను.

నవంబరు ముప్పై గడిచిపోయింది. ఈ ఏడు కాదు మామా, పంపుల షాపులో కొన్నాళ్ళు పని నేర్చుకుని వచ్చే ఏడు వెళ్తానని ఒదిలియా ఇంట్లో చెప్పింది. అది పూర్తిగా అబద్ధం కాదు, పట్నం చివర పంపులు బాగుచేసే షాపులో ఆమెకి వారానికి మూడు రోజుల పని దొరికింది. ఎలాదియో ఆమెని ఏమీ అనలేదు. ఆదివారం పూజయ్యాక చర్చి బయట, మొక్కజొన్న ఆకుల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించిన తమాలేలు అమ్మే బండి దగ్గర నన్ను పట్టుకున్నాడు. ఒక తమాలే నా చేతిలో పెట్టి, తనది విప్పకుండానే అడిగాడు.

"ఆ అంకె చూపించిందా వాళ్ళకి?"

"చూపించింది."

"సరిపోలేదన్నారా?"

"అంకె సంగతి కాదు కొంపాద్రే."

"మరి దేని సంగతి? మార్కులు ఉన్నాయి. బుద్ధిమంతురాలు. చెయ్యి ఎలాంటిదో మీరే చెబుతారు. ఇక మిగిలింది అంకే కదా."

సీట్లు తక్కువ, పోటీ ఎక్కువ అని ఏదో గొణిగాను. నేను మాటకారిని కాను, అబద్ధం అసలు చేతకాదు. అతను నా మొహం చూసి తనకి కావలసిన అర్థం తీసుకున్నాడు. తమాలే విప్పి, ఆవిరి చల్లారేదాకా ఊదుకుని, "ఎంత ఉంటే బాగుంటుందంటారు? యాభై?" అన్నాడు.

ఆ రోజు ఒట్టు తియ్యాల్సింది. నోట్లో తమాలే ఉందన్న వంక దొరికింది నాకు.

తర్వాతి ఏడు ఎలాదియో ఆదివారాలు కూడా పనికెళ్ళాడు. కోతలు లేని రోజుల్లో బాదం తోటల్లో రాలుగాయలు ఊడ్చాడు, పొలం గట్ల మీద గొట్టాలు మోశాడు. అన్నీ ఒదిలియా పేరు మీదే రాయించుకున్నాడు. ఆమె పోట్లాడింది. ఒక ఆదివారం ట్రక్కు తాళం దాచేసింది. ఆయన పక్కింటివాళ్ళ సైకిలు అడిగి తొమ్మిది మైళ్ళు తొక్కుకుంటూ వెళ్ళాడు. అంకె పెంచితే ఒరిగేదేమీ లేదు మామా అని ఆమె ఎన్నిసార్లు చెప్పిందో. ఆయన సమాధానం ఒకటే, "నువ్వు మిషన్లు చూసుకో, అంకె సంగతి నేను చూసుకుంటా."

ఆ నవంబరులో ఒదిలియా నా గదిలో ఉన్న పాత కంప్యూటర్ ముందు కూర్చుని దరఖాస్తు పేజీ తెరిచింది. నలభై ఏడు వేలు. కొట్టింది, చూసింది, మూసేసింది. ఫీజు మాఫీకి పెట్టిన హద్దు అక్కడే ఉంది, ఆమే దానికి ఇంకో ఏడాదంత దూరం జరిగింది. మరుసటి ఏడు యాభై ఒకటి. ఆ ఏడు ఎలాదియో స్వయంగా నాకు చెప్పాడు, యాభై దాటింది కొంపాద్రే అని, కోత పందెంలో గెలిచినవాడిలా. అప్పటికే అతని మొహం మట్టి రంగుకి తిరిగింది. బూట్లు కాళ్ళకి పట్టడం లేదని మడమ దగ్గర కత్తితో చీల్చుకున్నాడు. మేమంతా బూట్లు పాతవయ్యాయనుకున్నాం.

ఫ్లోరెన్సియాకి అనుమానం వచ్చింది. రాత్రంతా దాహం అంటున్నాడు, పాదం మీద వేలు నొక్కితే గుంట పడి అలాగే ఉంటోందని ఒదిలియాతో చెప్పింది. జనవరిలో ఇద్దరూ కలిసి ఆసుపత్రికి తీసుకెళ్ళారు. మూత్రపిండాలు రెండూ పోయాయన్నారు. ఏళ్ళ తరబడి ఎండలో, చాలినన్ని నీళ్ళు తాగకుండా, నీళ్ళు తాగితే వరస ఆగుతుందని ఆగకుండా పనిచేసినవాళ్ళకి వస్తుందట. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించాలి. దానికీ మందులకీ మటుకు ఖర్చు ప్రభుత్వం పెట్టుకుంది. పని చెయ్యలేనివాళ్ళకి ఇచ్చే భృతి మాత్రం రాలేదు. ప్రతి చెక్కులోంచీ దానికోసం డబ్బు కోసుకున్నారు. కానీ కోసుకున్నది ఒదిలియా పేరు మీద. జబ్బు చేసింది అతనికి, కాగితాల ప్రకారం పనిచేసింది ఆమె. బెనిగ్నో వచ్చి టోపీ చేతిలో పట్టుకుని మంచం పక్కన నిలబడి, "కాగితాల మీద ఒదిలియా నిక్షేపంగా ఉందయ్యా, ఏం చెయ్యను" అన్నాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు.

ఫ్లోరెన్సియా పనిమానేసి భర్తని చూసుకుంది. ఒదిలియా పంపుల షాపులో వారమంతా పనిచేసి ఇల్లు నడిపింది. షాపు యజమాని ముసలాడు మంచివాడు, ఆసుపత్రికి తీసుకెళ్ళే రోజుల్లో ఆలస్యంగా రానిచ్చేవాడు. నేను వారానికోసారి వెళ్ళేవాణ్ణి. ఎలాదియో వాకిట్లో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. సూదులు గుచ్చిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, అది తనది కానట్టు చూసుకునేవాడు.

ఆగస్టులో ఒకరోజు వెళ్ళాను. గాలిలో పండిన ద్రాక్ష వాసన వస్తోంది. కోత మొదలైందా అని అడిగాడు. అయిందన్నాను. ఎవరి వరసలు ఎవరికిచ్చారో చెప్పాను. కాసేపు విని, నా మోకాలి మీద చెయ్యి వేశాడు.

"ఈ ఏడు అంకె పడిపోతుంది కొంపాద్రే. నేను లేను, మీ కొమాద్రే ఫ్లోరెన్సియా కూడా లేదు. పిల్లది ఒక్కతే. మూడేళ్ళు కష్టపడి ఎక్కించింది ఒక్కసారి దిగిపోతోంది. ఇప్పుడు చూస్తే వాళ్ళేమంటారు? బద్ధకం వచ్చిందనుకోరూ?"

ఒదిలియా లోపల గిన్నెలు కడుగుతోంది. కిటికీ తెరిచే ఉంది. గిన్నెల చప్పుడు ఆగింది.

"అనుకోరు. ఈ ఏడు అంకె సరిపోతుంది" అన్నాను.

"నిజంగా?"

"సరిపోతుంది."

అతను నా మాట నమ్మాడు. నేను చెప్పింది నిజమే కూడా. అంతకంటే పెద్ద మోసం నేను ఎవరికీ చెయ్యలేదు.

సెప్టెంబరు పదకొండున పొద్దున, రక్తం శుద్ధి చేసే చోటే ఎలాదియో గుండె ఆగిపోయింది. కోత నడుమ కాబట్టి మా వాళ్ళు మట్టి చేతులతోనే వచ్చారు. తొమ్మిది రోజులు వాళ్ళ ఇంట్లో జపమాల చెప్పాం. మరణ పత్రం రాసే ఆఫీసులో గుమాస్తా, ఏం పనిచేసేవాడు, ఎవరి దగ్గర, ఎన్నేళ్ళు అని అడిగాడు. ఇరవై ఆరు కోతలు కోసిన మనిషి. అది చూపించడానికి అతని పేరుతో ఒక్క చీటీ కూడా లేదు. ఒదిలియా కూలి అని చెప్పింది. గుమాస్తా మిగతావి ఖాళీ వదిలేశాడు.

ఈసారి దరఖాస్తు సంగతి ఎత్తింది ఫ్లోరెన్సియా. ఆయన ఆఖరి వారం దాకా అదే మాట అన్నాడు, నువ్వు వెళ్ళకపోతే ఆయనకి నేనేం చెప్పుకోవాలి అంది. నవంబరు మూడో వారంలో ఒదిలియాని కాలేజీకి తనే వెంటబెట్టుకొచ్చింది. నల్ల శాలువా కప్పుకుని, జుట్టు తడిపి గట్టిగా జడ వేసుకుని వచ్చింది. కాలేజీ లోపలికి ఆమె రావడం అదే మొదటిసారి. నన్నూ రమ్మంది. మిసెస్ షియాంగ్ లేచి నిలబడి ఆమెకి తన కుర్చీ ఇచ్చింది.

ఒదిలియా ఒక్కొక్కటీ నింపుతూ పోయింది. ఫ్లోరెన్సియాకి ఆ అక్షరాలు రావు, కానీ ప్రతి పేజీ కదలికనీ గమనిస్తూ కూర్చుంది. ఈ ఏడాది సంపాదన దగ్గర ఒదిలియా ఒక్క క్షణం ఆగి, షాపులో తను సంపాదించింది మాత్రం కొట్టింది. నాలుగు యూనివర్సిటీలకీ ఫీజు కట్టక్కర్లేదని వచ్చింది. ఎంతసేపో పట్టలేదు. మిసెస్ షియాంగ్ చేతిరుమాలు తీసి ముక్కు తుడుచుకుంది.

"ఏమంటోంది?" అని ఫ్లోరెన్సియా అడిగింది.

"ఫీజు లేకుండా పంపుకోమంటోంది అత్తా. స్కాలర్‌షిప్ కూడా రావచ్చు."

"ఇన్నేళ్ళూ ఇవ్వలేదు కదా. ఇప్పుడెందుకిచ్చారు?"

ఒదిలియా నా వైపు చూసింది. చెప్పమనో చెప్పొద్దనో నాకు తెలియలేదు. ఆమే చెప్పింది, చాలా మెల్లగా, వాళ్ళ భాషలో. నాకు మిష్తెక్ రాదు. మధ్యలో అంకెలు మాత్రం స్పానిష్‌లో వచ్చాయి, నలభై రెండు, నలభై ఏడు, యాభై ఒకటి. ఫ్లోరెన్సియా ఆ అంకెలు వింటున్నప్పుడు ఆమె పెదవులు కదిలాయి. ఆ కాగితాల్లో సగం పరిచింది ఆమే.

తర్వాత స్పానిష్‌లో, మాకూ అర్థమయ్యేలా అడిగింది.

"తక్కువుందని ఇచ్చారా?"

"అవును అత్తా."

"ఆయనకి తెలుసా?"

"తెలీదు."

ఆమె శాలువా అంచు వేళ్ళకి చుట్టుకుని మళ్ళీ విప్పింది. నా మొహంలోకి చూసింది, నేను తల దించుకున్నాను. అప్పుడు ఒదిలియాతో, "పంపు" అంది. ఒదిలియా పంపింది.

మార్చిలో రెండు చోట్ల నుంచి సీటు వచ్చింది. ఒదిలియా దగ్గరగా ఉన్నదానికి వెళ్ళింది, బస్సులో నాలుగు గంటల దారి. అక్కడి ప్రయోగశాలలో ఆమె తీసిన షాఫ్టు చూసి ప్రొఫెసరు ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడట. నా పేరు చెప్పానని ఫోనులో అంది. నా పేరు చెప్పకుండా ఉండాల్సింది అన్నాను. ఆమె బేరింగు గురించి ఏదో అడిగింది.

ఫ్లోరెన్సియా మళ్ళీ కోతలకి వెళ్తోంది. ఒదిలియా పేరు మీద కాదు, ఆ పేరు మీద ఇక ఒక్క కాగితం కూడా పడకూడదని బెనిగ్నోకి గట్టిగా చెప్పింది. ఈ ఏడు తన చెల్లెలి కూతురు మారీబెల్ కార్డు మీద కోస్తోంది. మారీబెల్‌కి పద్దెనిమిది నిండాయి, వచ్చే ఏడు మా కాలేజీలో నర్సు చదువులో చేరుతుంది. ఈసారి నేను ఎవరికీ ఒట్టెయ్యలేదు. తోటకే వెళ్ళి, వరస చివర నిలబడి, మారీబెల్ తల్లికీ తండ్రికీ మొత్తం చెప్పాను, ఆ అంకె ఏం చేస్తుందో, ఎలాదియోని అది ఏం చేసిందో. వాళ్ళు కోత ఆపకుండానే విన్నారు. ఫ్లోరెన్సియా కూడా విన్నది, కాగితం పరుస్తూ.

చివరికి మారీబెల్ తండ్రి నడుము పట్టుకుని లేచి, నా వైపు తిరిగి, నిజమే దోన్ చోన్, తీసేద్దాం, ఇంకో మంచి కార్డు దొరకనివ్వండి అన్నాడు. సాయంత్రం దాకా నేను అక్కడే ఉన్నాను. బెనిగ్నో పుస్తకం తెరిచి మారీబెల్ పేరు రాసుకున్నాడు.